ముందు సీటు

మా ఇంట్లో వయస్సు మళ్ళినవాళ్ళు ముగ్గురున్నారు. ఒకరు మా అమ్మ. రెండవది మా కారు. మూడవవాణ్ని నేనేనని మా ఆవిడ అభిప్రాయం. నలభై ఆరేళ్ళు కూడా ఒక వయస్సేనా అని నేను వాదిస్తూ ఉంటాను గాని, ఆ తగువు ప్రస్తుతానికి పక్కన పెడతాను.

కారంటే ఏ గొప్ప కారో అనుకునేరు. మారుతి 800. 1983 డిసెంబరులో ఢిల్లీలో ఇందిరాగాంధీ మొదటి బండి తాళంచెవులు ఒక ఆసామి చేతిలో పెట్టింది మొదలు, 2014 జనవరిలో ఆ రకం తయారీ ఆగిపోయేదాకా, ముప్ఫై ఏళ్ళపాటు మధ్యతరగతి గృహస్థు "మాకూ కారుంది" అని చెప్పుకోగలిగాడంటే దాని చలవే. మా నాయన బడిపంతులుగా రిటైరైన 2009లో, వచ్చిన డబ్బులో కొంత పెట్టి దాన్ని కొన్నాడు. నంబరు ఏపీ 22తో మొదలౌతుంది. అంటే ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, మహబూబ్‌నగర్ జిల్లా అన్నమాట. 2014లో రాష్ట్రం మారింది. 2016లో జిల్లా మారి మా అచ్చంపేట నాగర్‌కర్నూలు జిల్లాలోకి వచ్చింది. 2017లో నాయన పోయాడు. కారు నంబరు మాత్రం మారలేదు. పదిహేనేళ్ళు నిండాక రిజిస్ట్రేషను గడువు పొడిగించుకుని ఇంకా దాన్నే నడుపుతున్నాను.

ఆ కారులో ముందు సీటు, ఎడమవైపుది, మా అమ్మది. నాయన నలభై దాటని వేగంతో నడుపుతూ ఉంటే, ఆమె పక్కన కూర్చుని ఎదురొచ్చే లారీలను ముందుగా ప్రకటించేది. ఆయన పోయిన తరవాత కొన్నాళ్ళు ఆ సీటులో కూర్చోలేక వెనక్కు వెళ్ళింది. కాని ఆ బండిలో వెనక కాళ్ళకు చోటెక్కడిది? మోకాళ్ళు ముడవలేక మళ్ళీ ముందుకే వచ్చింది. మా ఆవిడా అమ్మాయీ వెనక. నేను స్టీరింగు దగ్గర. ఇదీ మా ఏర్పాటు.

సుమారు ఏడాదిన్నర కిందట కారు ముందు భాగంలో ఒక చప్పుడు మొదలైంది. గుంటలో పడినప్పుడల్లా "డబుక్" అనేది. స్పీడుబ్రేకరు దాటితే ఒకసారి ఎగిరి ఊరుకునేది కాదు. రెండోసారీ, మూడోసారీ ఊగేది. నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ని. వృత్తిరీత్యా నా దృష్టి శబ్దం మీద ఉంటుంది గాని దాని కారణం మీదికి పోదు. ఒక మాటను రెండోసారి పలికితే ఆ రెండోదాన్ని వ్యాకరణంలో ఆమ్రేడితమంటారు. చివర చివర అన్నది చిట్టచివర అవుతుంది, కడ కడ అన్నది కట్టకడ అవుతుంది. ఆ వారం క్లాసులో అదే పాఠం నడుస్తున్నది. రోడ్డు ఒక్క మాటే అంటున్నది, దానికి ఆమ్రేడితం మా కారు చేరుస్తున్నది అని పిల్లలకు ఉదాహరణ చెప్పాను. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. అసలు రోగం పేరు అప్పుడే నా నోటితో నేనే చెప్పానని నాకు తట్టలేదు.

తట్టకపోవడానికి రోడ్లొక సాకు. వాన వెలిసిన తరవాత మా చుట్టుపక్కల పల్లెదారులు చూడవలసిందే గాని చెప్పలేం. కారు కుదిపినప్పుడల్లా కంట్రాక్టర్లను తిట్టుకుంటే నాకు తృప్తిగా ఉండేది. హైదరాబాదులో ఒకచోట సర్వీసింగుకు ఇస్తే అక్కడి కుర్రవాడు, "ముందు షాకబ్జార్బర్లు పోయినట్టున్నై సార్, మార్చుకోండి" అని మర్యాదగానే చెప్పాడు. పాత కారు కనబడేసరికి నాలుగు డబ్బులు గుంజే ఎత్తు అనుకున్నాను. అదిగాక అప్పుడు అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. "తరవాత చూద్దాం" అన్నాను. ఆ తరవాత అనేది ఏడాదైనా రాలేదు.

ఇంకో సంగతి కూడా ఉన్నది. ఈ రకం అరుగుదల ఒక్క రోజున రాదు. రోజూ చూసే పిల్లవాడు పెరిగినట్టు మనకు కనబడనట్టే, రోజూ నడిపే కారు దిగజారినట్టూ తెలియదు. పైగా నడిపేవాడికి గుంట ముందుగా కనబడుతుంది. చేతిలో చక్రం ఉంటుంది. తెలియకుండానే ఒళ్ళు బిగపట్టుకుంటాడు. పక్కన కూర్చున్నవాళ్ళకు ఆ వసతి లేదు.

పోయిన కార్తీకంలో ఒక సోమవారం ఉమామహేశ్వరం బయలుదేరాం. అచ్చంపేట నుంచి రంగాపురం మీదుగా వెళ్తే నల్లమల కొండకొమ్మున ఉన్నదా క్షేత్రం. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పేరు. కొండ పైదాకా వంపులు తిరుగుతూ దారి. పైన చెట్ల చల్లదనం, పాపనాశనం దగ్గర రాతిలోంచి ఊరే నీళ్ళు, వాటికి తోడు భక్తులకన్నా ఎక్కువ సంఖ్యలో కోతులు. మా అమ్మకు పుట్టింటికి పోయినంత సంతోషం అక్కడికి వెళ్ళడమంటే.

దారిపొడుగునా అమ్మ కళ్ళు మూసుకుని, తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని "శివ శివ" అంటూ కూర్చుంది. కార్తీక సోమవారం గదా, ధ్యానంలో ఉందనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ శివనామం సరిగ్గా గుంటగుంటకూ వచ్చింది.

తిరుగు ప్రయాణంలో సన్నగా తుంపర. కొండ దిగి ఊరి దగ్గరికి వస్తున్నాం. రోడ్డు పక్క కంపలోంచి ఒక బర్రెదూడ ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. కారు ముక్కు నేలకు రాసేటట్టు ముందుకు వంగింది, చక్రాలు పట్టీ పట్టనట్టు తడబడ్డాయి, బండి కొంచెం పక్కకు జారి, ఆగుతుందనుకున్న చోట ఆగకుండా ఇంకా ముందుకు పోయి ఆగింది. దూడకూ మాకూ మధ్య ఒక మూరెడు. అది మావంక ఒకసారి చూసి తన దారిన తాను పోయింది.

అమ్మ అరచెయ్యి డాష్‌బోర్డుకు ఆనించి ఉంది. "దూడకు తగల్లేదు గద నాయనా?" అంది. అంతే.

ఆ రాత్రి మంచినీళ్ళకు లేచాను. అమ్మ గదిలో దీపం. మా ఆవిడ అమ్మ నడుముకు నొప్పిమందు రాస్తున్నది. నన్ను చూసి ఇద్దరూ దొంగతనంలో దొరికినట్టు మొహాలు పెట్టారు. అమ్మ అటు తిరిగి పడుకుంది. బయటికి వచ్చాక అడిగితే మా ఆవిడ చెప్పింది.

"ఇవాళొక్కనాడే కాదు. ఏడాదిగా కారెక్కి వచ్చిన ప్రతిరోజూ రాత్రి ఇదే పని. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది అత్తమ్మ."

"ఎందుకు?"

"'నడుం నొస్తుందంటే వాడు కారు అమ్మేస్తనంటడు. మీ మామ కొన్న కారు' అన్నది."

పాఠకులు నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. నేనేమో, పాత కారుకు డబ్బు పెట్టడం దండగని దాని రోగం దాచిపెట్టాను. ఆమేమో, కారు పోతుందేమోనని తన నొప్పి దాచిపెట్టింది. ఒకే బండిలో పక్కపక్కన కూర్చుని ఇద్దరం చేసిన నిర్వాకమిది.

మర్నాడే కారు తీసుకుని మా ఊళ్ళో రేకుల షెడ్డు ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయన బానెట్టు కూడా ఎత్తలేదు. ముందు మూల మీద రెండు చేతులూ ఆన్చి, బలంగా కిందికి నొక్కి వదిలేశాడు. కారు లేచింది, దిగింది, మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది.

"చూసినవా సార్! ఒక్కసారి లేసి నిలబడాలె. ఇది వచ్చినోళ్ళకు సలాం కొడుతుంది" అన్నాడు.

తరవాత చక్రం వెనక టార్చి వేసి చూపించాడు. షాకబ్జార్బరు గొట్టం చుట్టూ నూనె కారి, దానిమీద దుమ్ము అంటుకుని, నల్లటి మడ్డి కట్టి ఉంది. నా చెయ్యి పట్టుకుని టైరు అంచు మీద రాయించాడు. వేలి కింద ఎగుడు దిగుళ్ళు తెలిశాయి. చక్రం నేలను అంటిపెట్టుకుని ఉండక, ఎగిరెగిరి పడుతూ తిరిగితే టైరు అట్లా మచ్చలు మచ్చలుగా అరుగుతుందట. నిన్న దూడ దగ్గర జరిగింది చెప్పాను. "బ్రేక్ మంచిదే సార్. టైరు నేల మీద ఉంటే గద బ్రేక్ పనిచేసేది" అన్నాడు.

షాకబ్జార్బరు అన్న పేరే నన్నిన్నాళ్ళూ మోసం చేసింది. కుదుపును మింగేదని దాని అర్థం. తీరా చూస్తే కుదుపును మింగేది స్ప్రింగు. గుంట వచ్చినప్పుడు ముడుచుకునేది అదే. కాని ముడుచుకున్న స్ప్రింగు ఊరుకోదు. విప్పుకుంటుంది, మళ్ళీ ముడుచుకుంటుంది, దాని ఇష్టానికి వదిలేస్తే చాలాసేపు ఉయ్యాల ఊగుతుంది. ఆ ఊగుడును అణచడానికి దాని పక్కనో నడుమనో ఒక గొట్టం పెడతారు. గొట్టంలో నూనె, నూనెలో సన్నని బెజ్జాలున్న పిస్టను. చక్రం పైకీ కిందికీ పోయినప్పుడల్లా నూనె ఆ బెజ్జాల్లోంచి దూరి అవతలికి పోవాలి. అది తొందరగా పోదు. స్ప్రింగు ఆవేశమంతా ఆ నూనెను తోయడంలో ఖర్చై వేడిగా మారిపోతుంది. సీలు అరిగి నూనె కారిపోయిందా, ఆవేశాన్ని ఆపే దిక్కులేదు. ఇంగ్లండువాళ్ళు దీన్ని డాంపరంటారు, అంటే అణిచేది. మాటలు బోధించుకు బతికేవాడిగా చెబుతున్నాను, ఆ పేరే సబబు.

మా బండిలో ముందువైపు అమరిక ఇంకో తమాషా. స్ప్రింగూ, గొట్టమూ, చక్రాన్ని నిలబెట్టే స్తంభమూ అన్నీ ఒకే కట్టుగా ఉంటాయి. మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు 1940లలో ఈ పద్ధతి కనిపెడితే, 1950లో ఇంగ్లండు ఫోర్డు కంపెనీ కాన్సల్ కారులో పెట్టింది. తక్కువ చోటులో ఇమిడేది గనక ఆ తరవాత చాలా చిన్న కార్లకు అదే ఆధారమైంది. స్టీరింగు తిప్పినప్పుడు తిరిగేదీ ఆ స్తంభమే. అంచేత అది పాడైతే ఒక్క సుఖం మాత్రమే పోదు, బండి మీద పట్టు కూడా సడలుతుంది.

"ఇంతకుముందు ఎప్పుడు మార్పించినవు సార్?" అని అడిగాడు ఉస్తాద్.

నాకేం తెలుసు? డాష్‌బోర్డు అరలో నాయన నోటుపుస్తకం ఉందని జ్ఞాపకం వచ్చింది. తీసి చూశాను. నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు. ఇంజను ఆయిలు ఎప్పుడు పోయించిందీ, బ్యాటరీ ఎంతకు కొన్నదీ, పంక్చరు కూలితో సహా. ఒక పేజీలో: "16-8-2016. ముందు షాకబ్జార్బర్లు రెండూ మార్చబడినవి. కి.మీ. 47,310." మీటరులో ఇప్పుడు తొంభై మూడు వేలు దాటింది. ఆ పేజీ తరవాత ఇంకో నాలుగు పద్దులు. 2017 నుంచి పుస్తకం ఖాళీ.

"పెద్దసార్ రెండూ ఒక్కపారే మార్పించిండు. తెలిసినోడు" అన్నాడు ఉస్తాద్. ఒక్కటే మారిస్తే కొత్తది ఒక విధంగా, పాతది ఒక విధంగా పనిచేసి బండి ఒకవైపు లాగుతుందట. కావడికి ఒకవైపు ఇత్తడి బిందె, రెండోవైపు చిల్లి కుండ కట్టినట్టని నేను అర్థం చేసుకున్నాను.

సామాను మా ఊళ్ళో దొరకలేదు. ఉస్తాద్ హైదరాబాదుకు ఫోను చేసి, బండి ఏ సంవత్సరందో చెప్పి, మూడోనాటికి బస్సు పార్సిలులో తెప్పించాడు. చౌకరకం కూడా ఉన్నదన్నాడు. ఈ విడత బేరమాడలేదు. పైనుండే రబ్బరు దిమ్మెలూ, దుమ్ము తొడుగులూ కూడా కొత్తవే తెప్పించమన్నాను.

ఆదివారం పొద్దున పని మొదలైంది. నేను స్టూలు వేసుకుని కూర్చున్నాను. జాకీతో లేపిన తరవాత బండి కింద మొద్దులు పెట్టాడు; ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరినవాడు బయటికి వస్తాడన్న నమ్మకం లేదన్నాడు. చక్రం ఊడదీసి, బ్రేకు గొట్టాన్ని దాని కొక్కెం నుంచి తప్పించి, వేలాడకుండా కట్టాడు. కింది బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి, తట్టి, ఒక టీ తాగి వచ్చేసరికి మెత్తబడ్డాయి. ఒక్క టీకి లొంగిందంటే ఆ బోల్టు మా కాలేజీ స్టాఫురూము బాపతే అయి ఉండాలి.

స్తంభం మొత్తం బయటికి వచ్చింది. స్ప్రింగు దానిమీద బిగిసి కూర్చుని ఉంది. షెడ్డులో పనిచేసే పిల్లగాడు తొందరపడి నడినెత్తిన ఉన్న నట్టు మీద పానా వేశాడు. అంతవరకు శాంతమూర్తిగా ఉన్న ఉస్తాద్ ఒక్క అరుపు అరిచాడు. పానా కిందపడింది.

"అండ్ల పాముంది బిడ్డా! ముందు దాన్ని బుట్టల పెట్టాలె."

ఆ స్ప్రింగు బండి బరువుకు ఒదిగి ఉన్న బలం. అణచకుండా పైనట్టు విప్పితే ఒక్క ఎగురుడుకు మొహం పగలగొడుతుంది. రెండు కొక్కేల మరకడ్డీలు ఎదురెదురుగా తగిలించి, ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు, సమానంగా బిగిస్తూ దాన్ని ముడిచాడు. స్ప్రింగు కూచున్న చోట వదులై, చేత్తో తిప్పితే తిరిగేదాకా పైనట్టు ముట్టుకోనేలేదు. ఆ కాసేపూ షెడ్డులో ఎవరం మాట్లాడలేదు.

పాత గొట్టం నా చేతికిచ్చాడు. కడ్డీ నొక్కితే అడ్డూ ఆపూ లేకుండా దిగిపోయింది. లాగితే అట్లాగే వచ్చింది. లోపల ఏదో గుటక వేసినట్టు చప్పుడు. కొత్తది నొక్కడానికి నా బలం చాలలేదు. ఉస్తాద్ దాన్ని నిటారుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి వదిలాడు, లోపలి గాలి బుడగలు పోవాలని. కడ్డీ మీద ఉండవలసిన రబ్బరు దిమ్మె పాతదానిలో లేనే లేదు. దాని బదులు గుప్పెడు నల్లటి పొడి రాలింది. నేను విన్న "డబుక్" అదేనట. దిమ్మె లేక ఇనుము మీద ఇనుము పడటం.

కుడివైపుది కూడా విప్పాక రెంటినీ పక్కపక్కన పెట్టాడు. కుడివైపుదాంట్లో కొంచెం పట్టు మిగిలి ఉంది. ఎడమదాంట్లో ఏమీ లేదు.

"ఎడమది ఎప్పుడో సచ్చిపోయింది సార్. ఎదురు బండి వచ్చినప్పుడల్లా తారు దిగి మట్టిల పడేది ఆ చక్రమే గద" అని, చేతులు తుడుచుకుంటూ మామూలుగా అడిగాడు. "ఆ దిక్కు సీట్ల ఎవరు కూసుంటరు?"

నేను జవాబు చెప్పలేదు. టీ తెప్పించాను.

సాయంత్రానికి రెండువైపులా బిగించాడు. ఆ మర్నాడు చక్రాల అలైన్‌మెంటు సరిచేయించాను. ముందు స్తంభాలు విప్పి పెట్టిన తరవాత అది తప్పదట. మొత్తం ఖర్చు ఆరువేల చిల్లర.

తరవాతి సోమవారం మళ్ళీ ఉమామహేశ్వరం అన్నాను. అమ్మ కొంచెం జంకి, మా ఆవిడ వంక చూసి, ఎక్కింది. ఎక్కగానే పిడి పట్టుకుంది. బస్టాండు దగ్గర స్పీడుబ్రేకరు వచ్చింది. కారు ఒకసారి లేచి, దిగి, ఊరుకుంది. అమ్మ కళ్ళు తెరిచింది. ఊరు దాటాం. రెండు గుంటలు పోయాయి, మూడోదీ పోయింది. రంగాపురం వచ్చేసరికి ఆమె చేతులు రెండూ ఒళ్ళో కొబ్బరికాయ సంచి మీద ఉన్నాయి.

"ఈ రోడ్డు ఎప్పుడు బాగు చేసిండ్రు నాయనా?"

వెనక సీటులో మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఇక దాచేదేముంది, చెప్పేశాను. అమ్మ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"ఎంతైంది?"

"ఆరువేలు దాటింది."

"నాకు చెప్తే నేనియ్యకపోదునా?"

"నడుం నొస్తుందని నువ్వు చెప్పకపోతివి గదమ్మా."

దానికి ఆమె దగ్గర జవాబు లేదు. కొండ ఎక్కడం మొదలైంది. వంపులు తిరుగుతున్నాం. ఎదురుగా ఒక జీపు వస్తే, "జీపు, జీపు" అని ప్రకటించింది. చాలా రోజులైంది ఆ మాట విని.

పైన కారు ఆపగానే అడిగింది. "మీ నాయన పుస్తకంల రాసినవా?"

రాయలేదు. అమ్మాయి దగ్గర పెన్ను తీసుకుని, స్టీరింగు మీద పుస్తకం ఆన్చి, తేదీ వేసి, "ముందు షాకబ్జార్బర్లు రెండూ మార్చబడినవి" అని నాయన మాటల్లోనే రాశాను. కిలోమీటర్ల అంకె కోసం కళ్ళజోడు వెతుక్కుంటూ ఉండగా, తెరిచి ఉన్న ఎడమ తలుపులోంచి ఒక కోతి వచ్చి, ముందు సీటులో కూర్చుని, మా అరటిపండ్ల అత్తం మొత్తం పట్టుకుపోయింది.